టీఎల్‌డీ బ్యాడ్జీలు తిరిగి పంపినా "కార్డు రాలేదు" అని బిల్లు వేశారు, కట్టకపోతే కొత్తవి పంపరట

పేట_అడ్మిన్:

నమస్కారం అండి. నరసరావుపేటలో ఒక నర్సింగ్ హోమ్‌లో కొనుగోళ్లు, బిల్లులు, లైసెన్సుల కాగితాలు నేనే చూస్తాను. మాకు ఒక ఎక్స్‌రే, ఒక సీటీ, ఆర్థో థియేటర్‌లో ఒక సీ-ఆర్మ్ (ఆపరేషన్ జరుగుతుండగా ఎక్స్‌రే చూపించే యంత్రం) ఉన్నాయి. సిబ్బంది మీద ఎంత రేడియేషన్ పడిందో కొలవడానికి ఒంటికి పెట్టుకునే టీఎల్‌డీ కార్డులు (బ్యాడ్జీలు) ప్రతి క్వార్టర్‌కీ, అంటే మూడు నెలలకోసారి, ల్యాబ్ నుంచి కొత్తవి రావడం, పాతవి పెట్టెలో సర్ది తిరిగి పంపడం ఏళ్లుగా జరుగుతున్నదే, ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

ఈసారి జులై–సెప్టెంబర్ బిల్లు చూస్తే మతి పోయింది. జనవరి–మార్చి కార్డుల్లో నాలుగు తమకు చేరలేదని ఒక్కోదానికీ విడిగా ఛార్జీ వేశారు. అవి మిగతా ఎనిమిదితో పాటు ఒకే పెట్టెలో ఏప్రిల్ మొదటి వారంలో స్పీడ్ పోస్టులో వెళ్లాయి, డెలివరీ అయినట్టు ట్రాకింగ్‌లో ఉంది. ఒకే పెట్టెలో వెళ్లినవి ఎనిమిది చేరి నాలుగు చేరకపోవడం ఏమిటి? రెండోది, మా టెక్నీషియన్ ఒకాయన ఫిబ్రవరి ఆఖర్లో మానేశారు, పేరు తీసేయమని మార్చి మొదట్లోనే మెయిల్ పెట్టాను. అయినా ఏప్రిల్–జూన్ బిల్లులో ఆయనకు సర్వీసు ఛార్జీ వేశారు, ఇప్పుడు మళ్లీ వేశారు. ఎవరూ పెట్టుకోకుండా పక్కన ఉంచే కంట్రోల్ బ్యాడ్జితో కలిపి మాకు 11 రావాలి, బిల్లులో 12 ఉన్నాయి. మూడోది, "పాత బాకీ" అని ఒక లైను, అది దేని తాలూకో ఏ వివరమూ లేదు. నాలుగు కార్డుల ఛార్జీ మీద కూడా జీఎస్టీ 18 శాతం వేశారు.

ఫోన్ చేస్తే అకౌంట్స్ వాళ్లు ల్యాబ్ వాళ్లను అడగమంటారు, ల్యాబ్ వాళ్లు బిల్లు సంగతి తమకు తెలియదంటారు. చివరికి ఒక మెయిల్ వచ్చింది, మొత్తం బాకీ కడితేనే కొత్త కార్డులు పంపుతామని. జులై మొదలైపోయింది. మా స్టాఫ్ ఇంకా ఏప్రిల్–జూన్ కార్డులే పెట్టుకుని తిరుగుతున్నారు. మా రేడియోగ్రాఫర్ అమ్మాయికి ఇప్పుడు నాలుగో నెల. కొత్త బ్యాడ్జి వచ్చిందా అక్కా, రిపోర్టు వచ్చిందా అక్కా అని కనిపించినప్పుడల్లా అడుగుతోంది, నా దగ్గర సమాధానం లేదు. టెన్షన్ అంతా నాకు అక్కడే ఉంది.

డాక్టరుగారు "పోనీలేమ్మా, కట్టేసి వదిలించుకో" అంటున్నారు. కట్టేస్తే తప్పు మాదేనని ఒప్పుకున్నట్టు అవుతుంది, వచ్చే క్వార్టర్‌లో ఇంకో నాలుగు వేస్తారు. ఇలాంటిది ఎవరికైనా ఎదురైందా? ఎవరికి ఏమని రాయాలి? రేడియేషన్ భద్రతను చూసే కేంద్ర సంస్థ ఏఈఆర్‌బీకి ఫిర్యాదు చేయవచ్చా?


తెనాలి_ఆర్థో:

మేడమ్, ఒక్క రూపాయి కూడా కట్టకండి. ఏప్రిల్–జూన్ కార్డులు ఇంకా మీ చేతిలోనే ఉన్నాయిగా, అవి తిరిగి పంపకండి. ఆ కార్డులు వాళ్ల ఆస్తి, వాళ్లకు మళ్లీ మళ్లీ పనికొచ్చేవి. బిల్లు సరిచేస్తేనే పంపుతామని ఒక మెయిల్ కొట్టండి, రెండు రోజుల్లో దారికొస్తారు. మెత్తగా ఉంటే ఈ సప్లయర్లు నెత్తికెక్కుతారు, నేను హాస్పిటల్ నడుపుతున్నన్నాళ్లుగా చూస్తున్నదే.


ఆర్‌ఎస్‌ఓ_హైదరాబాద్:

తెనాలి డాక్టరుగారూ, మీ కోపం న్యాయమైనదే, కానీ ఈ సలహా మాత్రం దయచేసి ఎవరూ పాటించవద్దు. నేను మెడికల్ ఫిజిసిస్ట్‌ని, ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో ఆర్‌ఎస్‌ఓగా, అంటే రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌గా ఉన్నాను. ఆ కార్డు ప్లేటు సప్లయర్‌ది కావచ్చు, కానీ అందులో ఉన్న డోస్ మీ టెక్నీషియన్‌ది. కార్డు మీద మూడు చిన్న బిళ్లలు ఉంటాయి చూడండి, డిస్ప్రోసియం కలిపిన కాల్షియం సల్ఫేట్‌ను టెఫ్లాన్‌తో చేసిన బిళ్లలు. మనిషి మీద పడ్డ రేడియేషన్ శక్తి వాటిలో నిలిచి ఉంటుంది, ల్యాబ్‌లో వేడి చేస్తే వెలుగు రూపంలో బయటికి వస్తుంది, ఆ వెలుగును కొలిచి డోస్ చెబుతారు. ఆ పని జరిగేదాకా ఆ మూడు నెలల్లో ఎవరి ఒంటి మీద ఎంత పడిందో ఎవరికీ తెలియదు. ఒకరికి ఎక్కువ పడి ఉంటే ఆ సంగతి సెప్టెంబర్‌లో తెలియడం వేరు, జులైలో తెలియడం వేరు. పైగా కార్డులు డ్రాయర్‌లో ఉన్నంతకాలం మన చుట్టూ సహజంగా ఉండే రేడియేషన్ కూడా వాటిలో చేరుతూనే ఉంటుంది. దాన్ని తీసేయడానికే కంట్రోల్ బ్యాడ్జి. అది మిగతా వాటితో కలిసి వెళ్లకపోతే లెక్క నమ్మకంగా రాదు. బిల్లు కోసం కార్డులు పట్టుకుని కూర్చుంటే నష్టపోయేది సప్లయర్ కాదు, మీ దగ్గర సీసపు ఏప్రాన్ వేసుకుని నిలబడే మనిషి.

పేట అడ్మిన్ గారూ, ఇప్పుడు మీ విషయం. ఫోన్లు ఆపి ముందు ఒక పని చేయండి. జనవరి–మార్చి డోస్ రిపోర్టు మీకు వచ్చిందా? వచ్చి ఉంటే చేరలేదంటున్న నాలుగు నంబర్లనూ అందులో వెతకండి. ఆ పేరు ఎదురుగా డోస్ ఏదైనా, సున్నా అని ఉన్నా సరే, కొలిచి ఇచ్చారంటే ఆ కార్డు ల్యాబ్‌కు చేరినట్టే. చేరని కార్డును ఎవరూ కొలవలేరు. ఇంతకంటే గట్టి రుజువు మీకు పోస్టాఫీసు కూడా ఇవ్వలేదు, ఎందుకంటే ట్రాకింగ్ పెట్టె చేరిందని చెబుతుంది తప్ప పెట్టెలో ఏముందో చెప్పదు. ఇలాంటి గొడవలు నేను చాలా చూశాను, ఎక్కువసార్లు ల్యాబ్ కొలిచిన జాబితా ఒకటి, బిల్లు వేసేవాళ్ల జాబితా ఇంకొకటి, ఆ రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. దురుద్దేశం అక్కర్లేదు, తికమక చాలు.

మీ రేడియోగ్రాఫర్ అమ్మాయి విషయం. గర్భం అని తెలిసిన దగ్గర్నుంచి కాన్పు దాకా కడుపులో బిడ్డకు డోస్ 1 మిల్లీసీవర్ట్ (రేడియేషన్ డోస్ కొలత) దాటకూడదు. మామూలు రేడియేషన్ వర్కర్‌కు ఐదేళ్ల సగటున ఏడాదికి 20, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు అనేది మన దేశంలో పరిమితి. ఆ పక్కన ఈ 1 ఎంత చిన్నదో చూడండి. ఎక్స్‌రే గదిలో కన్సోల్ వెనక, సరైన షీల్డింగ్‌తో పనిచేస్తే ఆ పరిమితికి చాలా లోపలే ఉంటారు కాబట్టి ఆమెను భయపెట్టవద్దు. కానీ కొత్త బ్యాడ్జి చేతికొచ్చేదాకా సీ-ఆర్మ్ డ్యూటీ వేయకండి. మిగిలిన వాళ్లు కొత్తవి వచ్చేదాకా ఇప్పుడున్న కార్డులే పెట్టుకోవాలి, బ్యాడ్జి లేకుండా మాత్రం ఎవరూ లోపలికి వెళ్లకూడదు. వాడకం గడువు దాటి ఫలానా తేదీ దాకా నడుస్తోందని ల్యాబ్‌కు మెయిల్ పెట్టండి, కంట్రోల్ కూడా అప్పటిదాకా మీ దగ్గరే ఉంచి, కొత్తవి అందిన రోజే అన్నీ కలిపి పంపేయండి. ఈలోపు సీ-ఆర్మ్ కేసుల్లో ఎవరు నిలబడ్డారు, ఫ్లోరో (ఆగకుండా చూపే ఎక్స్‌రే) ఎన్ని నిమిషాలు వాడారు అనేది రిజిస్టర్‌లో రాయించండి.

ఏఈఆర్‌బీ మీ బిల్లు పంచాయితీ తీర్చదు, అది వాళ్ల పని కాదు. కానీ డబ్బు గొడవ వల్ల వర్కర్లకు బ్యాడ్జీలు అందని పరిస్థితి వస్తే అది రేడియేషన్ రక్షణ విషయం అవుతుంది, అప్పుడు చెన్నైలో ఉన్న దక్షిణ ప్రాంతీయ కేంద్రానికి రాయవచ్చు. 2004 రేడియేషన్ రక్షణ నియమాల ప్రకారం స్టాఫ్‌కు బ్యాడ్జి ఏర్పాటు చేయాల్సిన బాధ్యత యజమానిది, అంటే మీ హాస్పిటల్‌ది. రేపు తనిఖీకి వస్తే సప్లయర్ పంపలేదు అనే మాట ఒక్కటే సరిపోదు, మీరేం ప్రయత్నం చేశారో కాగితం మీద కనబడాలి. అందుకని ప్రతిదీ మెయిల్‌లోనే పెట్టండి.


పేట_అడ్మిన్:

మేడమ్, చాలా థాంక్స్. రిపోర్టు తీసి చూశాను. మీరు చెప్పినట్టే ఉంది. నాలుగింటిలో మూడు నంబర్లకు జనవరి–మార్చి డోస్ స్పష్టంగా ఇచ్చారు, అందులో ఒకటి మా ఆర్థో సర్జన్‌గారిది. చదివి డోస్ ఇచ్చిన కార్డులే చేరలేదని మా మీద డబ్బులు వేశారన్నమాట!

నాలుగోది మానేసిన టెక్నీషియన్‌ది. రిపోర్టులో ఆయన పేరే లేదు, కార్డు రాలేదని కూడా లేదు. కానీ పెట్టెలో పెట్టే ముందు 12 కార్డులూ బల్ల మీద వరసగా పేర్చి తీసిన ఫొటో ఉంది, అందులో ఆయన కార్డు నంబరు కనబడుతోంది. మా దగ్గర ప్రతిసారీ అలా ఫొటో తీసే పెట్టెకు టేపు వేస్తారు. ఇది సరిపోతుందా?

పాత బాకీ గురించి లెడ్జర్ పంపమని అడిగాను, ఇంకా రాలేదు. మేము ప్రతి బిల్లూ ఎన్ఈఎఫ్‌టీలో కట్టినవాళ్లమే.


ఆర్‌ఎస్‌ఓ_హైదరాబాద్:

ఆ నాలుగో కార్డే నాకు ఇబ్బందిగా ఉంది. ఛార్జీ సంగతి తర్వాత, ఆ మనిషి జనవరి, ఫిబ్రవరి డోస్ ఎక్కడ? మీరు మార్చిలో పేరు తీసేయమన్నారు, వాళ్లు డోస్ జాబితాలో తీసేసినట్టున్నారు, ఏప్రిల్‌లో కార్డు చేరేసరికి ఆ నంబరుకు ఎదురుగా పేరు లేదు, దాంతో అది ఎవరిదీ కాని కార్డుగా పక్కన పడి ఉండవచ్చు. బిల్లు జాబితాలో మాత్రం పేరు అలాగే ఉండిపోయింది. ఇది నా ఊహే, కానీ రెండు వైపులా జరిగినదానికి సరిపోతోంది. ఆ కార్డును ఇంకా చదవకపోతే, వేడి చేసి శుభ్రం చేసి వేరేవాళ్లకు ఇచ్చేస్తే ఆ రెండు నెలల సమాచారం పూర్తిగా పోతుంది. ఒకసారి చెరిగితే మళ్లీ రాదు. అందుకని ఈ రోజే, బిల్లు మెయిల్‌తో కలపకుండా, ల్యాబ్ టెక్నికల్ విభాగానికి విడిగా రాయండి. ఫలానా కార్డు నంబరు, ఫలానా వ్యక్తి టీఎల్‌డీ నంబరు, ఫలానా క్వార్టర్, ఫొటో జతచేశాం, దయచేసి వెతికి చదివి డోస్ ఇవ్వండి అని. ఆయన ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నా పాత డోస్ రికార్డు ఆయన వెంట వెళ్లాలి. ముంబైలో బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) దగ్గర దేశంలోని రేడియేషన్ వర్కర్ల డోస్ రిజిస్ట్రీ ఉంది, అందులో మధ్యలో ఖాళీ మిగలకూడదు. కార్డు దొరకకపోతే ముందు క్వార్టర్లలో ఆయన డోస్, ఆ రెండు నెలల్లో చేసిన పని చూసి మీ ఆర్‌ఎస్‌ఓ ఒక నోట్ రాసి ఫైల్లో పెట్టాలి.

ఫొటో అలవాటు చాలా మంచిది, మానకండి. ఇంకో మాట. అకౌంట్స్ వాళ్లకు రాసే మెయిల్లో ఆ అమ్మాయి పేరు, నెలలు రాయవద్దు. గర్భిణి అయిన వర్కర్ ఉన్నారు అంటే చాలు. వివరాలు ఆర్‌ఎస్‌ఓ నుంచి ల్యాబ్‌కు వెళ్తే సరిపోతుంది.


విశాఖ_అకౌంట్స్:

నేను ఒక పెద్ద ఆసుపత్రికి సప్లయర్ పేమెంట్స్ చూస్తాను, మాకు క్యాథ్ ల్యాబ్‌తో కలిపి బ్యాడ్జీలు చాలా ఉన్నాయి, ఈ తలనొప్పి బాగా తెలుసు. డబ్బుల వైపు చెబుతాను.

మొదటి సంగతి, మొత్తం కట్టడమూ తప్పే, మొత్తం ఆపడమూ తప్పే. బిల్లును రెండుగా విడదీయండి. జులై–సెప్టెంబర్‌కు 11 బ్యాడ్జీల సర్వీసు ఛార్జీ, దాని జీఎస్టీ, ఇందులో గొడవ లేదు కాబట్టి ఈ రోజే కట్టేయండి. కట్టేటప్పుడు "ఈ సొమ్ము ఫలానా నంబరు బిల్లులో 11 బ్యాడ్జీల సర్వీసు ఛార్జీకి మాత్రమే" అని మెయిల్లో రాసి యూటీఆర్ నంబరు (బ్యాంకు బదిలీకి వచ్చే గుర్తింపు నంబరు) ఇవ్వండి. ఈ ఒక్క వాక్యం చాలా ముఖ్యం. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 59వ సెక్షన్ ప్రకారం, ఏ బాకీ కింద కడుతున్నామో మనం చెప్పి కడితే, తీసుకున్నవాడు దాన్ని ఆ బాకీకే జమ వేయాలి. మనం ఏమీ చెప్పకపోతే 60వ సెక్షన్ కింద తనకు నచ్చిన పాత బాకీలో వేసుకోవచ్చు. అలా వేసుకునే, మీరు కట్టినా ఈ క్వార్టర్ బాకీ అలాగే ఉందంటారు. సగం గొడవలు ఇక్కడ పుడతాయి.

రెండోది, మిగిలిన అంశాలకు అభ్యంతరం రాతలో పెట్టండి, ఆలస్యం చేయకుండా. సప్లయర్ చిన్న సంస్థగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్నవాడైతే 2006 ఎంఎస్ఎంఈ చట్టం వర్తిస్తుంది. ఒప్పందం ఉన్నా సరే 45 రోజులు దాటి పేమెంట్ ఆపకూడదు. ఆపితే రిజర్వ్ బ్యాంక్ బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. అయితే అదే చట్టంలో, సేవ అందిన 15 రోజుల్లోపు కొన్నవాళ్లు రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే ఆ అభ్యంతరం తీరిన రోజు నుంచే గడువు లెక్క అని ఉంది. ఫోన్‌లో అరిచింది లెక్కలోకి రాదు. బిల్లు మీద అడుగున ఉద్యమ్ నంబరు ఉందేమో చూడండి.

మూడోది, "పాత బాకీ" లైను. నా అనుభవంలో ఇది సాధారణంగా రెండింటిలో ఒకటి. మీరు ఎన్ఈఎఫ్‌టీ చేసినప్పుడు బిల్లు నంబరు రాయలేదు, డబ్బు వాళ్ల ఖాతాలో ఎవరిదో తెలియని జమగా కూర్చుంది. లేదా హాస్పిటల్ టీడీఎస్, అంటే ముందే మినహాయించే ఆదాయపు పన్ను, కోసి కట్టింది, వాళ్లు ఆ కోతను బాకీగా చూపిస్తున్నారు. ఉదాహరణకు 10,000 సర్వీసు, 1,800 జీఎస్టీ, టీడీఎస్ 2 శాతం అనుకుంటే, జీఎస్టీ విడిగా చూపించారు కాబట్టి 10,000 మీద 200 కోసి 11,600 కడతాం. ఆ 200 ఏళ్ల తరబడి లెడ్జర్‌లో పేరుకుపోతుంది. మీది చిన్న హాస్పిటల్, టీడీఎస్ పరిమితి దాటి ఉండకపోవచ్చు, కాబట్టి మొదటి కారణమే అయి ఉంటుంది. గత రెండేళ్ల బ్యాంక్ స్టేట్‌మెంట్ నుంచి వాళ్లకు కట్టిన ప్రతి పేమెంట్ తేదీ, యూటీఆర్, మొత్తం ఒక పట్టికలో పెట్టి లెడ్జర్‌తో పాటు కూర్చోండి. లెడ్జర్ ఇవ్వకుండా పాత బాకీ అడిగితే "బిల్లు నంబరు చూపిస్తే కడతాం" అనే మాట తప్ప వేరే మాట వద్దు.

జీఎస్టీ గురించి. హాస్పిటల్ వైద్య సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి మనకు ఇన్‌పుట్ క్రెడిట్ (కట్టిన జీఎస్టీని తిరిగి సర్దుకునే వీలు) రాదు, ఆ 18 శాతం నేరుగా మన జేబులోంచే. అందుకని తప్పు ఛార్జీని "వచ్చే బిల్లులో సర్దుతాం" అంటే ఒప్పుకోకండి, జీఎస్టీతో సహా క్రెడిట్ నోట్ (బిల్లు మొత్తం తగ్గించినట్టు ఇచ్చే కాగితం) అడగండి. ఆ పన్ను వాళ్లు తగ్గించుకోవాలంటే ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30 లోపే క్రెడిట్ నోట్ రిటర్న్‌లో చూపించాలి, వార్షిక రిటర్న్ అంతకుముందే వేస్తే ఆ లోపే. మీ టెక్నీషియన్‌కు వేసిన ఏప్రిల్–జూన్ బిల్లు తేదీ మార్చిలో ఉందా? ఉంటే అది పోయిన ఆర్థిక సంవత్సరం, గడువు ఈ నవంబరే. ఇది మెయిల్లో గుర్తు చేయండి, అప్పుడు వాళ్ల అకౌంటెంట్ కదులుతాడు. కార్డు పోయినందుకు వేసే ఛార్జీ నష్టపరిహారమా, సేవా అనేది వేరే చర్చ. 2022 ఆగస్టులో పరిహారాల మీద జీఎస్టీ గురించి ఒక సర్క్యులర్ వచ్చింది, మీ ఆడిటర్‌కు చూపించండి. మీ కేసులో ఛార్జీయే తప్పు కాబట్టి దాని మీద వాదన పెట్టుకోనక్కర్లేదు.

మెయిల్ ఎలా ఉండాలంటే, ఇంత పొడవు వద్దు. బిల్లు నంబరు, తేదీ. ఇంత ఒప్పుకున్నాం, కట్టాం, యూటీఆర్ ఇది. ఈ మూడు కార్డులకు మీరే ఇచ్చిన డోస్ రిపోర్టు జతచేశాం కాబట్టి ఛార్జీ రద్దు చేయండి. నాలుగోదానికి ఫొటో, స్పీడ్ పోస్టు డెలివరీ వివరాలు ఇవి. ఫలానా వ్యక్తి పేరు తీసేయమని ఫలానా తేదీన రాసిన మెయిల్ ఇది, రెండు బిల్లుల్లోనూ ఆ ఛార్జీకి క్రెడిట్ నోట్ ఇవ్వండి. పాత బాకీకి లెడ్జర్ పంపండి. ఇవి తేలేలోపు కార్డులు ఆపవద్దు, మా సిబ్బందిలో గర్భిణి ఉన్నారు. అంతే. అకౌంట్స్, ల్యాబ్ ఇన్‌ఛార్జి, మీ ఆర్‌ఎస్‌ఓ, ముగ్గురూ ఒకే మెయిల్లో ఉండాలి, అప్పుడు ఒకరి మీద ఒకరు తోసుకోవడం కుదరదు. తిట్లు, కోర్టు బెదిరింపులు అక్కర్లేదు.


కడప_ల్యాబ్‌టెక్:

కన్స్యూమర్ కోర్టుకు వెళ్లవచ్చు కదా? వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే చాలట.


విశాఖ_అకౌంట్స్:

బ్రదర్, చేయవచ్చు, కానీ అక్కడ మొదటి ప్రశ్నే మీరు వినియోగదారులా కాదా అని. 2019 చట్టంలో వాణిజ్య అవసరానికి తీసుకున్న సేవకు వర్తించదని ఉంది. సొంతంగా క్లినిక్ నడుపుకుంటూ దాని మీదే బతికే డాక్టరుకు కొంత వెసులుబాటు ఉంది, నర్సింగ్ హోమ్‌కు వాదించుకోవాల్సి వస్తుంది. పూర్తిగా దారి మూసుకుపోలేదు, 2019 నవంబర్‌లో సుప్రీంకోర్టు లీలావతి ఆసుపత్రి ట్రస్టు కేసులో నర్సుల వసతి కోసం కొన్న ఫ్లాట్లు వాణిజ్య అవసరం కాదని చెప్పింది, కొన్నదాని ముఖ్య ఉద్దేశం ఏమిటో చూడాలంది. స్టాఫ్ భద్రత కోసం తీసుకున్న బ్యాడ్జీలకు అదే వాదన చేయవచ్చేమో లాయరు చెప్పాలి. కానీ ఈ మొత్తానికి వాయిదాలు తిరగడం దండగ, సరైన మెయిల్‌తో అయిపోయే పని.


టెక్సస్_ర్యాడ్‌టెక్:

మాది ఒంగోలు, ఇక్కడ హ్యూస్టన్‌లో సీటీ టెక్‌గా ఉన్నాను. ఇక్కడా బ్యాడ్జి తిరిగి రాకపోతే ఛార్జీ వేస్తారు, అది మామూలే. కానీ ఫలానా గడువులోపు చేరితే ఆ ఛార్జీ వెనక్కి ఇస్తామనే షరతు కాంట్రాక్టులో రాయించుకునే ఆసుపత్రులు ఉన్నాయి. పేట మేడమ్, మీ ఒప్పందంలో అలాంటి లైను ఉందేమో చూడండి, లేకపోతే రెన్యువల్‌లో రాయించండి. పేరు తీసేయమంటే ఎన్నాళ్ల ముందు చెప్పాలి అనేది కూడా రాసి ఉండాలి, ఎందుకంటే వచ్చే క్వార్టర్ కార్డులు వాళ్లు ముందుగానే సిద్ధం చేసి పెట్టుకుంటారు. మార్చి ఆఖరి వారంలో చెప్పి ఏప్రిల్ ఛార్జీ వద్దంటే వాళ్ల వైపూ న్యాయం ఉంటుంది. మీరు మార్చి మొదట్లోనే చెప్పారు కాబట్టి మీకు ఆ బాధ లేదు.


తెనాలి_ఆర్థో:

ఆర్‌ఎస్‌ఓ మేడమ్, డోస్ మనిషిది అన్నారు, ఆ మాట నిజం, కార్డులు పట్టుకోమన్న సలహా వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఒకటి అడుగుతాను. డబ్బు కట్టలేదని వాళ్లు కార్డులు ఆపవచ్చు, మనం మాత్రం ఆపకూడదంటే ఇది ఒకవైపే న్యాయం కాదా? సప్లయర్‌ను మార్చేయవచ్చు కదా?


ఆర్‌ఎస్‌ఓ_హైదరాబాద్:

వాళ్లు ఆపడమూ తప్పే డాక్టరుగారూ, అందులో నాకు రెండో మాట లేదు. నిజమైన బాకీకి వేరే దారులు ఉన్నాయి, ఒక వర్కర్ మెడలో బ్యాడ్జి లేకుండా చేసి వసూలు చేసుకోకూడదు. సప్లయర్‌ను మార్చవచ్చు, కానీ బార్క్ గుర్తింపు ఉన్న ల్యాబే అయి ఉండాలి, ఎవరో తక్కువకు ఇస్తామన్నారని తీసుకోకండి. క్వార్టర్ మధ్యలో మారవద్దు. పాత ల్యాబ్‌కు కార్డులన్నీ చేరాయని, ఏ డోసూ పెండింగ్‌లో లేదని రాతలో తీసుకున్నాకే మారండి, ప్రతి ఒక్కరి పాత టీఎల్‌డీ నంబరూ కొత్త ల్యాబ్‌కు ఇవ్వండి, లేకపోతే ఒకే మనిషికి రెండు రికార్డులు తయారవుతాయి.


పేట_అడ్మిన్:

అందరికీ ధన్యవాదాలు. విశాఖ సార్ చెప్పినట్టే 11 బ్యాడ్జీలకు కట్టి, మెయిల్ పెట్టాను. ముగ్గురినీ ఒకే మెయిల్లో పెట్టడం బాగా పనిచేసింది, ల్యాబ్ ఇన్‌ఛార్జిగారు తనే ఫోన్ చేసి మాట్లాడారు. కొత్త కార్డులు వచ్చాయి, పాతవి కంట్రోల్‌తో సహా అదే రోజు పంపేశాం. మూడు కార్డుల ఛార్జీ తప్పేనని మెయిల్లో ఒప్పుకున్నారు. టెక్నీషియన్ కార్డు వాళ్ల దగ్గరే ఉందట, పేరు లేక చదవకుండా పక్కన పెట్టారట. చదివి డోస్ పంపారు, చాలా తక్కువే ఉంది. ఆయన ఇప్పుడు గుంటూరులో చేస్తున్నారు, కాపీ పంపాను, అక్కడి ఆర్‌ఎస్‌ఓకి ఇస్తానన్నారు.

పాత బాకీ కూడా తేలింది, నిరుడు మేము కట్టిన ఒక ఎన్ఈఎఫ్‌టీ ఇంకో ఆసుపత్రి పేరు మీద జమ అయింది, అది మార్చారు.

మా రేడియోగ్రాఫర్ అమ్మాయిని రెండు వారాలుగా ఎక్స్‌రేలో మాత్రమే వేస్తున్నాం. ఆమెకు ఏప్రిల్–జూన్ రిపోర్టు తొందరగా ఇవ్వమని అడగవచ్చా? ఇంకా ఒకటి, టెక్నీషియన్ ఏప్రిల్–జూన్ ఛార్జీకి క్రెడిట్ నోట్ "వస్తుంది" అని నోటితో చెప్పారు కానీ ఇంకా రాలేదు.


ఆర్‌ఎస్‌ఓ_హైదరాబాద్:

తప్పకుండా అడగండి. గర్భిణి అయిన వర్కర్ కార్డు ముందు చదవమని మీ ఆర్‌ఎస్‌ఓ సంతకంతో ల్యాబ్ ఇన్‌ఛార్జికి ఒక మెయిల్ చాలు, ఆయన ఇప్పుడు మీకు పరిచయమే కాబట్టి సులువు. రిపోర్టు రాగానే ఆమెకే నేరుగా చూపించండి, తన డోస్ తెలుసుకునే హక్కు ఆమెకు ఉంది. పొట్ట దగ్గర ఏప్రాన్ లోపల పెట్టుకునేందుకు ఇంకో బ్యాడ్జి అవసరమా అన్నది కూడా ఆర్‌ఎస్‌ఓను అడగండి, సీ-ఆర్మ్ వైపు మళ్లీ పంపే ఆలోచన ఉంటే మాత్రం అది తేలాకే.


విశాఖ_అకౌంట్స్:

క్రెడిట్ నోట్ చేతికొచ్చేదాకా వదలకండి. ఆ బిల్లు మార్చి తేదీదైతే సెప్టెంబర్ ఆఖర్లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి అదే మెయిల్ కిందే రిమైండర్ పెట్టండి, కొత్త మెయిల్ మొదలుపెట్టకండి. హాస్పిటల్‌కు జీఎస్టీ నంబరు ఉంటే, ఆ బిల్లు మీద ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోలేదని ఒక లైను రాసి ఇవ్వమని వాళ్లు అడగవచ్చు, మీ ఆడిటర్‌తో రాయించి ముందే సిద్ధంగా పెట్టుకోండి.